నేత్రపటలమును చక్కెరసీమయు

బోధను చక్కెరసీమలో షుగరు అను మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకటి. మనుష్యుని రక్తములో చేరిన మధుమేహము రెండవది. ఫ్యాక్టరీ 2015లో మూతబడినది. రెండవ షుగరు మాత్రము నానాటికి వృద్ధి పొందుచున్నది. చెరకు పండించుట వలన ఈ వ్యాధి వచ్చునని మేము చెప్పుట లేదు. అట్లనుట చెరకు రైతునకు అన్యాయము, శాస్త్రమునకు విరుద్ధము. వంశము, వయస్సు, స్థూలకాయము, ఒళ్లు వంగని బ్రతుకు, మూడుపూటల తెల్లని బియ్యము: కారణములు వేరు. అయినను నిజామాబాదు, డిచ్‌పల్లి, బోధను ప్రాంతములలో ఏ మందుల దుకాణము ముందైనను గడియసేపు నిలుచుండిన వారికి ఒక సంగతి తెలియకపోదు. మాత్రలు కొనవచ్చినవారు కాళ్ళ తిమ్మిరిని గూర్చి యడుగుదురు, మూత్రపిండములను గూర్చి భయపడుదురు. కంటి లోపలి పొరను గూర్చి యడుగువారు అరుదు. ఆ పొరను గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

మన పల్లెలలో కన్ను చెడినదనగా అందరికి ముందుగా తోచునది మోతిబిందు, అనగా శుక్లము. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము ఏర్పడినది మొదలు ప్రభుత్వము వారును ధర్మసంస్థల వారును శుక్లమును తొలగించుటకు చేసిన కృషి కొనియాడదగినదే. కోడలి చేయి పట్టుకొని నడచిన వృద్ధులు ఎందరో మరల తమ పొలము గట్టున తామే నడచుచున్నారు. కాని యీ విజయమే యొక భ్రమను కూడ పుట్టించినది. చూపు తగ్గినచో ఎప్పుడో యొకనాడు ఆపరేషను చేయించుకొనవచ్చును, పంట చేతికి వచ్చువరకు తొందర లేదు, అని జనులనుకొనుచున్నారు. శుక్లమునకు ఈ మాట చాలవరకు చెల్లును. ఏలయనగా అది కంటి ముందుభాగమునందలి కటకము మసకబారుట. పాత కటకమును తీసి క్రొత్తది పెట్టవచ్చును. నేత్రపటలమునకు ఈ లెక్క చెల్లదు. దానిని తీసి మరియొకటి పెట్టగల వైద్యుడు లోకమున లేడు.

నేత్రపటలమనగా కనుగ్రుడ్డు లోగోడను అంటియుండు పొర. దాని మందము అర మిల్లీమీటరును మించదు. చర్మము వంటి పొర యని దానిని తలపరాదు. గర్భస్థ శిశువునందు మెదడులోని యొక భాగమే ముందునకు పొడుచుకొని వచ్చి ఈ పొరగా మారును. కావున కన్ను లోకమును చూచునని మనమనుచున్నాము గాని, నిజమునకు మెదడే ఒక కిటికీ తెరచికొని చూచుచున్నది. స్పెయిన్ దేశీయుడగు రమోన్ ఇ కహాల్ అను పండితుడు ఈ పొరలోని కణములను రంగువేసి సూక్ష్మదర్శినితో పరిశీలించి, తన చేతితో చిత్రించి చూపెను. నాడీమండల నిర్మాణమును గూర్చిన కృషికి అతనికి 1906లో నోబెల్ బహుమానము లభించినది. వెలుతురును పట్టు కణములు రెండు తెగలు. మసక వెలుతురులో పనిచేయు దండకణములు సుమారు 12 కోట్లు. పట్టపగటి చూపునకును, రంగులకును, అక్షరములు చదువుటకును కావలసిన శంకుకణములు సుమారు 60 లక్షలు. ఇన్ని కణములు చూచిన దానిని మెదడునకు మోసికొని పోవు తంతువులు మాత్రము ఇంచుమించు 10 లక్షలే. కావున వార్తలను సంక్షేపించు పని ఆ పొరలోనే జరుగుచున్నది. మా వంటి పత్రికాసంపాదకులు ఈ విద్యను ఆ కణముల యొద్ద నేర్చుకొనదగును.

చర్మము తెగిన మానును. ఎముక విరిగిన అతుకును. మనుష్యుని నేత్రపటల కణము చచ్చినచో దాని స్థానమున మరియొకటి పుట్టదు. ఈ యొక్క విషయము మనస్సున నాటిననే మేము తరువాత చెప్పబోవునదంతయు బోధపడును.

మధుమేహమను పేరు మన పూర్వులు పెట్టినదే. మూత్రము తేనె వలె తీయనగునని వారెరుగుదురు. సుశ్రుతుడు 76 నేత్రరోగములను వర్ణించెను, కంటి పటలములను లెక్కించెను. అయినను సజీవుడైన మనుష్యుని కంటి లోపలికి చూచు సాధనము ఆ మహనీయునకు లేదు. ఆ సాధనమును 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ లోకమునకు ప్రకటించెను. చిన్న యద్దమే, కాని దానితో కంటిపాప వెనుక ఎర్రగా వెలుగు పటలమును, దానిమీద కొమ్మలుగా వ్యాపించిన రక్తనాళములను వైద్యుడు చూడగలిగెను. మనుష్య దేహమునందు కోత లేక, సూది లేక, లోపలి రక్తనాళములను ఇంత స్పష్టముగా కంటితో చూడగల చోట్లు అరుదు. గ్రంథమునందు లేనిది శాస్త్రమునందు ఉండరాదను పండితులును, గ్రంథమునందున్నది గనుకనే అది తప్పని పలుకు నవీనులును ఈ చరిత్రను గమనింపవలెను.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నప్పుడు జరుగునది ఇది. నేత్రపటలములోని వెంట్రుక కన్న సన్నని రక్తనాళములకు బయటినుండి ఊతగా అంటియుండు కణములు కొన్ని కలవు. దేహములో మరెచ్చటను లేనంత దట్టముగా అవి ఇచ్చట నుండును. మధుమేహమున మొదట నశించువానిలో ఇవి చేరినవి. ఊత పోయిన నాళములు అచ్చటచ్చట బుడిపెలుగా ఉబ్బును. వానినుండి నీరును క్రొవ్వును కారును. స్పష్టమైన చూపునకు ఆధారమగు నడిమి భాగమునకు ఈ ఊట చేరినచో అక్షరములు వంకరపోవును. పిమ్మట కొన్ని నాళములు మూసికొనిపోవును. రక్తము అందని కణములు ఆక్రందించినట్లుగా ఒక రసాయన ద్రవ్యమును విడుచును. దాని ప్రేరణచే క్రొత్త నాళములు పుట్టును. నిజాంసాగరు కాలువకు గండిపడిన చోట అడ్డదిడ్డముగా పారిన నీటివలె, ఇవి మేలు చేయుటకు బదులు చెరుపే చేయును. మిక్కిలి బలహీనములగుటచే ఒకనాడు చిట్లి, కన్నంతయు రక్తముతో నిండును. నాళములు చెడుటకు ముందే పటలములోని నాడీకణములు క్రుంగుట ఆరంభించునని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి.

ఇంత జరుగుచుండగా రోగికి తెలియునదేమి? చాలకాలము ఏమియు తెలియదు! నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారుట లేదు. నడిమి భాగము చెడువరకు అతడు పత్రిక చదువుచునే యుండును, మోటారు బండి నడుపుచునే యుండును. చూపు మసకబారిన నాడు కండ్లద్దములు మార్చుకొన వచ్చును. అద్దముల దుకాణమువాడు అద్దములే యిచ్చును గదా! ఈ వ్యాధి యొక్క కపటమంతయు ఇచ్చటనే యున్నది.

దీనికి చికిత్స లేదా యనిన, కలదు. అది క్రొత్తదియు కాదు. చక్కెరను, రక్తపుపోటును అదుపులో నుంచుట వలన పటలము కాపాడబడునని 1993లో అమెరికాలోను, 1998లో బ్రిటనులోను ఫలితములు వెలువడిన దీర్ఘకాల పరీక్షలు నిస్సందేహముగ చూపినవి. వ్యాధి ముదిరిన కంటికి లేసరు కాంతితో చేయు చికిత్స తీవ్రమైన దృష్టినష్టమును సగమునకు పైగా తగ్గించునని 1976లోనే అమెరికాలో రుజువైనది. క్రొత్త నాళములను పుట్టించు రసాయన ద్రవ్యమును అణచు సూదిమందులు గత ఇరువది యేండ్లుగా వాడుకలో నున్నవి. అయితే ఈ చికిత్సలన్నియు మిగిలిన చూపును నిలుపునవి. పోయిన కణమును తెచ్చునవి కావు. సకాలమున వచ్చిన వానికే ఇవి వరములు.

లెక్కలు చూతము. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధన మండలి వారి సర్వే ప్రకారము మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్ల 10 లక్షలు. 2022లో ప్రకటితమైన మరియొక సర్వేలో నలువది యేండ్లు దాటిన మధుమేహులలో నూటికి 12.5 మందికి నేత్రపటలము చెడుట ఆరంభమైనదనియు, నూటికి నలుగురికి చూపు పోవు ప్రమాదము ఏర్పడినదనియు తేలినది. నూటికి నలుగురు స్వల్పమని కొందరనవచ్చును. కోటిమందిలో అది నాలుగు లక్షలు. ఆ నాలుగు లక్షల మందియు తమ కన్ను బాగుగనే యున్నదని నేడు అనుకొనుచుండవచ్చును.

ఇక పరిశోధనలను గూర్చి. ఇటీవల వార్తలలో నేత్రపటల కణముల ప్రస్తావన తరచుగా కనబడుచున్నది. అంధులకు రేపే చూపు వచ్చునను శీర్షికలును కనబడుచున్నవి. ఇందులో సత్యమెంత? జపాను శాస్త్రజ్ఞుడు యమనక 2006లో ఎలుక చర్మకణములను, మరుసటి సంవత్సరము మనుష్యుని చర్మకణములను మూలకణములుగా మార్చి చూపెను. 2012లో నోబెల్ బహుమానమందెను. 2014 సెప్టెంబరులో జపానులోని కోబే నగరమున మసయో తకహాషి అను వైద్యురాలి బృందము, డెబ్బది దాటిన యొక వృద్ధురాలి చర్మకణములనుండియే నేత్రపటలపు వెనుక పొరను పెంచి ఆమె కంటిలో నిలిపిరి. 2021లో ఫ్రాన్సునకు చెందిన యొక అంధుని కంటిలో వెలుతురును గుర్తించు జన్యువును చేర్చగా, ప్రత్యేకమైన అద్దములతో అతడు బల్లపైనున్న వస్తువులను పోల్చుకొనగలిగెను. జీబ్రాచేప యను చిన్న చేపకు నేత్రపటలము గాయపడినచో అది తిరిగి పెరుగును. అందుకు తోడ్పడు కణములు మన కంటిలోను కలవు గాని అవి నిద్రించుచున్నట్లున్నవి. వానిని మేల్కొలుపు ప్రయత్నము ఎలుకలలో 2017 నాటికే కొంత ఫలించినది.

మన హైదరాబాదు ఈ పనిలో వెనుకబడి లేదు. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబము వారి దానముతో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన నేత్రవైద్య సంస్థలో, చర్మకణములనుండి నేత్రపటల కణములను పెంచి పరిశీలించు కార్యము జరుగుచున్నది. తెలుగువారి వైద్యాలయమున తెలుగు రోగుల వ్యాధికి తెలుగు యువతీయువకులు మందు వెదకుచున్నారన్న సంగతి మాకు మిక్కిలి సంతోషము కలిగించుచున్నది. ఆ సంస్థవారే 1996 నుండి 2000 వరకు, అప్పటి ఆంధ్రప్రదేశములో ఆదిలాబాదు, మహబూబునగరు మొదలగు నాలుగు ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించిరి. అంధత్వమునకు కారణములలో శుక్లముది 44 శాతము, కండ్లద్దములతో పోవు దోషములది 16 శాతము, నేత్రపటల వ్యాధులది సుమారు 11 శాతము అని తేల్చిరి. శుక్లము తొలగినకొలది ఈ 11 శాతము పాలు పెరుగునే గాని తరుగదు. మధుమేహము ఆనాటికంటె ఎంతయో ప్రబలినది కూడ.

పరిశోధనలో మాకు విశ్వాసమున్నది. అయినను రెండు హెచ్చరికలు చేయక తప్పదు. మొదటిది వెల. పుట్టుకతో వచ్చు యొక నేత్రపటల వ్యాధికి అమెరికా ప్రభుత్వము 2017 డిసెంబరులో అనుమతించిన జన్యు ఔషధము వెల, రెండు కండ్లకు 8 లక్షల 50 వేల డాలర్లు! వర్ని, బోధను మండలములలో ఎన్ని ఎకరముల మాగాణి అమ్మిన ఇంత ధనము చేకూరునో భూస్వాములే లెక్కించుకొనవలెను. రెండవది మోసము. మూలకణములతో చూపు తెప్పింతుమని ధనము గైకొను వైద్యశాలలు దేశదేశములందు వెలసినవి. అమెరికాలోని ఫ్లోరిడాలో అట్టి చికిత్సకు ఒప్పుకొని, ఒకేనాడు రెండు కండ్లకును సూదులు వేయించుకొనిన ముగ్గురు స్త్రీలు ఘోరమైన దృష్టినష్టమునకు గురియైరని 2017లో వైద్యపత్రిక ప్రకటించినది. మన వైద్యపరిశోధన మండలి అదే సంవత్సరము వెలువరించిన నియమముల ప్రకారము కంటికి మూలకణ చికిత్స పరీక్షగా మాత్రమే జరుగవలెను, పరీక్షలో చేరిన రోగి యొద్ద సొమ్ము తీసికొనరాదు. సొమ్మడిగిన చోటునుండి వెంటనే లేచి రండు.

డిచ్‌పల్లి వారికి ఈ విషయము బోధించుటకు దూరదేశపు ఉదాహరణములు అనవసరము. నాడు అసాధ్యమని లోకము చేతులు కడుగుకొనిన వ్యాధితో పోరాడిన ఊరు అది. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ కలసి, నిజామాబాదు వాస్తవ్యుడగు నర్సాగౌడు గారి దానము తోడ్పడగా, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు వైద్యాలయమును తెరచిరి. వారు విదేశీయులు, మతప్రచారకులు. ఆ విషయమున మాకు వారితో ఏకీభావము లేకుండవచ్చును. ఊరివారు వెలివేసిన రోగిని ఇంటికి పిలిచి కట్టుకట్టిన చేతులకు మాత్రము మేము నమస్కరింతుము. ఆనాడు వారి చేతనున్నది చాల్‌ముగ్ర నూనె. పిమ్మట సల్ఫోను మందులు వచ్చినవి. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులను కలిపి యిచ్చు పద్ధతిని నిర్ణయించినది. దానితో వ్యాధి నయమగుచున్నది. నయమైనను ఏమి? వ్రేళ్ళు పోయిన వానికి వ్రేళ్ళు రాలేదు. రెప్ప మూయు నాడి చచ్చి, కన్ను ఎండిపోయి, కార్నియా తెల్లబడి గ్రుడ్డివాడైన వానికి ఆ మందులు చూపునీయలేదు. మందు కనుగొనబడిన సంవత్సరమునకును, రోగి దవాఖానా మెట్లెక్కిన సంవత్సరమునకును నడుమ పోయినదేదో అది పోయినదే.

పరిశోధనా ఫలము పల్లెకు చేరిన సందర్భము లేకపోలేదు. నేత్రపటలమునందు ఏ-విటమిను కలదని జార్జి వాల్డ్ 1933లో కనుగొనెను; 1967లో నోబెల్ బహుమానమందెను. ఈ విటమిను లోపించినచో మొదట రేచీకటి, పిదప కార్నియా కరగిపోవుట, అంధత్వము. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థవారు శిశువులకు పెద్ద మోతాదులో ఈ విటమినును నోట పోయు పద్ధతిని పల్లెలలో పరీక్షించిరి. 1970లో అది దేశవ్యాప్త పథకమైనది. జర్మనీ ప్రయోగశాలలో తేలిన సత్యము తెలుగుపల్లెలోని బిడ్డ నోటికి చెంచాతో చేరుటకు నలువది యేండ్లు పట్టలేదు. లేసరు చికిత్స రుజువై ఏబది యేండ్లు నిండుచున్నవి.

ఇచ్చట ప్రసంగవశమున మన కుటుంబములను గూర్చి యొక మాట. రెటినైటిస్ పిగ్మెంటోసా యను వ్యాధిలో దండకణములు బాల్యమునుండియో, యౌవనమునుండియో క్రమముగా నశించును. మొదట రేచీకటి, పిమ్మట గొట్టములోనుండి చూచినట్లు చూపు ఇరుకగును. ఇందు చాలభాగము తల్లిదండ్రులిద్దరినుండియు ఒకే దోషము సంక్రమించినప్పుడు వచ్చునది. మేనమామకు, మేనబావకు పిల్లనిచ్చు వంశములలో ఆ సంభవము హెచ్చు. భూమి చేజారకుండుటకు మేనరికములు చేసికొను పెద్దలు ఎంతమందియో మా పాఠకులలో నున్నారు. వారికి కోపము రావచ్చును. ఇంటిలో ఒకరికైనను ఇట్టి రేచీకటి యున్నచో, ముహూర్తమునకు ముందు వైద్యునితో మాటలాడుడని మాత్రమే మా ప్రార్థన. జ్యోతిష్కుని యొద్దకు ఎట్లును పోవుచునే యున్నారు.

మా ముఖ్య విషయమునకు వత్తము. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న కంటి వెలుగు పథకమును ఆరంభించి, 2023 జనవరిలో రెండవమారు జరిపినది. ఊరూర శిబిరములు వెలసినవి. కోట్లమంది కండ్లు చూపించుకొనిరి. లక్షలమందికి అద్దములు లభించినవి. అది మంచి కార్యము. కాని అద్దములు పంచుట ఒకటి, పటలమును పరీక్షించుట మరియొకటి. అయిదేండ్ల కొకమారు పండుగవలె జరుపు శిబిరము మధుమేహ రోగికి చాలదు. అతని పటలమును ఏటేట చూడవలెను. ప్రతి మధుమేహుని కంటిని చూచుటకు తగినంతమంది నేత్రవైద్యులు లేరను మాట నిజమే. అందులకే కంటి అడుగుభాగమును ఛాయాచిత్రము తీయు యంత్రములు వచ్చినవి. చేత పట్టుకొనదగినవియు నేడు దొరకుచున్నవి. వానిని నడుపుటకు వైద్యుడే అక్కరలేదు. శిక్షణ పొందిన పల్లె యువతి చాలును. చిత్రము తంతిలేని వార్తగా నిజామాబాదునకో, హైదరాబాదునకో పోవును. అచ్చటి వైద్యుడు చూచి చెప్పును.

చిత్రమును చదువుటకు కంప్యూటరును సైతము నేర్పియున్నారు. 2016లో గూగుల్ సంస్థవారు ప్రకటించిన పరిశోధనలో, లక్షా 28 వేలకు పైగా నేత్రపటల చిత్రములతో యంత్రమునకు చదువు చెప్పిరి. ఆ చిత్రములు అమెరికానుండియే గాక మన మదురై అరవింద, చెన్నపట్టణపు శంకర నేత్రాలయ, బెంగుళూరు నారాయణ నేత్రాలయముల నుండియు పోయినవి. మన పేదల కండ్లు చూచి యంత్రము పండితుడైనది. ఆ పాండిత్యము ముందుగా మన పేదలకు ఉపయోగపడవలెనని కోరుట అత్యాశ కాదు. అది మన పాలు.

కావున మేము కోరునవి ఇవి. డిచ్‌పల్లి, బోధను, ఆర్మూరు మొదలగు చోట్ల ప్రభుత్వ వైద్యాలయములందు నేత్రపటల ఛాయాయంత్రము ఒక్కొక్కటి నిలుపవలెను. షుగరు మాత్రలు తీసికొనవచ్చిన ప్రతి రోగికి, అతడు అడుగకున్నను, సంవత్సరమున కొకమారు చిత్రము తీయవలెను. లేసరును సూదిమందును నిజామాబాదు ప్రభుత్వ వైద్యాలయముననే ఉచితముగ లభింపవలెను; రోగిని హైదరాబాదునకు పంపుట యనగా చాలమార్లు ఇంటికి పంపుటయే. 2006లో డిచ్‌పల్లిలో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయము వారు తమ ద్వారము ముందున్న గ్రామములలో ఈ వ్యాధి ఎంతగా వ్యాపించినదో లెక్కించు కార్యమును వైద్యకళాశాల వారితో కలసి చేపట్టవలెను. పరిశోధన యనగా విదేశ పత్రికలో వ్యాసము అచ్చగుట మాత్రమే కాదు. ఇక నర్సాగౌడు గారి వంటి దాతల వారసత్వము ఇందూరు సీమలో అంతరించినదని మేము నమ్మము. ఒక పెండ్లి పందిటి ఖర్చుతో ఒక యంత్రమును కొనవచ్చును.

పాఠకులలో మధుమేహమున్నవారు ఈ వారముననే తమ కంటిపాపను మందుతో విప్పించి లోపలి పొరను చూపించుకొందురు గాక. చూపు బాగుగనే యున్నదని ఆగవలదు. ఈ జిల్లాలో నేత్రపటలమును చిత్రించు యంత్రములు ఎన్ని యున్నవి, వానిలో పనిచేయుచున్నవి ఎన్ని, గత సంవత్సరము ఎందరు మధుమేహులకు పరీక్ష జరిగినది అని జిల్లా వైద్యాధికారి గారిని మేము బహిరంగముగ అడుగుచున్నాము. వారి ప్రత్యుత్తరమును ఈ పుటయందే ప్రకటించుటకు సిద్ధముగా నున్నాము.